లావు పుస్తకంతో ముద్దనూరు కొండ దాకా

ముందే చెప్పేస్తున్నాను, మేమిద్దరం క్షేమంగా ఇల్లు చేరాం. ప్రయాణాల గురించి రాసేవాళ్లు ఈ ముక్క చివరిదాకా దాచిపెడతారు. నాకంత ఓపిక లేదు. ఆ ఐదు రోజులూ నేను పడ్డ బెంగ మీరు కూడా పడనక్కర్లేదు.

మాది తెనాలి. హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మావారి పేరు ఆనందం, బ్యాంకులో చేశారు. ఆయన పుట్టిపెరిగింది జమ్మలమడుగులో. మాకొక చిన్న కారుంది, దాని వయసు పాతికేళ్లు దాటింది. మూడేళ్ల కిందట మా ఊళ్లో ఒక మెకానిక్కు ప్లగ్గులు మార్చానని చెప్పి పాతవే తుడిచి పెట్టాడు. నిలదీస్తే "మీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. సైన్సు టీచరుతో అనాల్సిన మాటేనా అది? ఒళ్లు మండిపోయింది. ఆ వారంలోనే విజయవాడ వెళ్లి, పాత పుస్తకాల షాపులో మా బండి రిపేరు పుస్తకం కొన్నాను. ఇంగ్లీషుది, ఇటుకంత లావు.

అప్పట్నించీ మాకొక పద్ధతి ఏర్పడింది. నేను బండి కింద చాప మీద పడుకుంటాను. మావారు పక్కన పీట వేసుకుని కూర్చుని, పుస్తకంలో ఉన్నది తెలుగులోకి మార్చి పైకి చదువుతారు. ఆయన మా సంఘంలో పెద్ద. చర్చిలోగానీ, ఎవరింట్లో ప్రార్థనకిగానీ వాక్యం చదవాలంటే ఆయన్నే లేపుతారు. గొంతు ఖంగుమంటుంది. ఒక మాట చదివి ఆగుతారు. నేను ఆ పని చేసి "ఊఁ" అంటే రెండో మాట. అలా ఆయిలు మార్చాను, ప్లగ్గుల మధ్య ఎడం కొలిచి సరిచేశాను, ఫ్యాన్ బెల్టు వేశాను. బెల్టును బొటనవేలితో నొక్కితే ఎంత లోపలికి పోవాలో కూడా అందులో ఉంది. మూడేళ్లలో ఒక్క మెకానిక్కు గడపా తొక్కలేదు. కాస్త పొగరుగానే చెబుతున్నాననుకోండి.

ఈ ప్రయాణానికి వారం ముందు మొదటిసారి బ్రేకుల జోలికి వెళ్లాను. వెనక చక్రాల్లో, లోపల ఒత్తుకుని బండిని ఆపే బ్రేకు షూలు అరిగిపోయాయి. రెండు చక్రాలూ విప్పి, లోపలి సామాను అంతా ఒకే పళ్లెంలో వేసి పెట్రోలుతో కడిగి, కొత్త షూలు పెట్టి బిగించాను. వీధి చివరిదాకా నడిపి చూస్తే ఠక్కున ఆగింది.

మావారి మేనకోడలు కాంతి పులివెందులలో టీచరు. కొత్త ఇల్లు కట్టుకుంది. శనివారం పదకొండు గంటలకు ఇంటి ప్రార్థన. దారిలో జమ్మలమడుగులో కాంతి తల్లిని, అంటే మా రాహేలమ్మ వదినను, ఎక్కించుకుని పోవాలి. డెబ్బై రెండేళ్ల మనిషికి బస్సు ఎందుకు, నేను తీసుకెళ్తానని ఫోనులో మాట ఇచ్చింది నేనే.

మైదుకూరు

గురువారం మైదుకూరు వచ్చేదాకా నాకే భయమూ లేదు. ఊరి బయట వడ్ల మూటల ట్రాక్టరు ఒకటి పక్కదారిలోంచి అడ్డంగా వచ్చింది. బ్రేకు నొక్కాను. బండి ఆగింది గానీ, నా కాలు ఇంటి దగ్గరకన్నా ఎక్కువ లోపలికి పోయింది. ఇంటి దగ్గర పెడల్ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగేది. టీ తాగే నెపంతో పక్కకు తీసి, వంగి చేయి పెట్టి చూస్తే మూడు వేళ్లే ఉంది.

మావారికి చెప్పలేదు. ఆయన అప్పటికే వేరే లోకంలో ఉన్నారు. తెనాలిలో ముప్పై ఐదేళ్లుగా "అలాగేనండీ" అనే మనిషి, మైదుకూరు టీ కొట్టు దగ్గర దిగగానే "ఏమప్పా, చక్కెర శానా తక్కువేస్తాండావే" అన్నారు. ఆ కొట్టాయన కూడా తక్కువవాడు కాదు. బండిని చుట్టూ తిరిగి చూసి, ఈ ముసిల్దాన్ని యాడిదాకా తోలకపోతాండారని అడిగాడు. మా వైపు ఎవరి బండి ఎంత పాతదైనా మొహం మీద అనరు, వెళ్లాక అంటారు. ఇక్కడ ఆ ఆలస్యం లేదు.

ప్రొద్దుటూరు

ఆ రాత్రి ప్రొద్దుటూరులో లాడ్జిలో దిగాం. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి చక్రాల లోపలివైపు చేత్తో తడిమాను, తడి లేదు. బ్రేకు ఆయిలు డబ్బా మూత తీశాను, మట్టం తగ్గలేదు. ఎక్కడా కారడం లేదు. కారుతూ ఉంటే కనీసం కారణం తెలిసేది. ఏమీ కనపడకపోయేసరికి బెంగ ఇంకా పెరిగింది.

ఆ ఊరి కారం దోశ గురించి మావారు పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పాట ఇప్పటికీ ఆపలేదు. వెళ్లి తిన్నాం. ఎర్రకారం దట్టంగా పూసి, పప్పుల పొడి చల్లి, పైన నెయ్యి పోసి యాభై రూపాయలకు ఇచ్చారు. మా గుంటూరు వైపు కారానికి మేమే పెద్దదిక్కని అనుకునేదాన్ని. ఆ ఎర్రకారంలో వెల్లుల్లి ఘాటు నా గర్వం అణిచింది. కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే పక్క బెంచీ ఆమె నా ప్లేటు పక్కన తన మజ్జిగ గ్లాసు పెట్టి, ఎవరు మీరు అని కూడా అడక్కుండా తన దోశలో పడింది.

తర్వాత బంగారు అంగళ్ల వీధి. కొనడానికి కాదు, ఆ సందుల్లోంచే దారి. పొద్దున పదింటికే జాతరలా ఉంది. నేను ఒక్కొక్క మనిషినీ లెక్కపెట్టుకుంటూ, మొదటి గేరులో పాకించాను. చేతినిండా నగల పెట్టెలున్న ఒకావిడ బండి ముందు నిలబడి కూతురితో బేరం గురించి వాదిస్తుంటే నా వీపంతా చెమట. కాలు ఒకసారి నొక్కితే లోతుకు పోతోంది, వెంటనే రెండోసారి నొక్కితే పైకి వస్తోంది. మావారు మాత్రం కిటికీలోంచి తన చిన్నప్పటి సినిమా హాలు ఎక్కడుండేదో చూపిస్తూ ఉన్నారు.

జమ్మలమడుగు

మధ్యాహ్నానికి వదిన ఇల్లు చేరాం. నాపబండలు పరిచిన వాకిలి, నాపబండల గోడ, కూర్చోవడానికి నాపబండ అరుగు. సంగటి, ఊరిమిండి అనే చెనిక్కాయల పచ్చడి, కోడికూర పెట్టింది. మా వైపు "ఇంకొంచెం వడ్డించమంటారా" అని అడుగుతారు. వదిన అడగదు. సంగటి ముద్ద కంచంలో పడ్డాకే మనకు తెలుస్తుంది.

సాయంత్రం, ఊరికే చూసుకుందామని చెప్పి, బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందేమో చూసి తీసే పని పెట్టుకున్నాను. మావారు సీట్లో కూర్చుని పెడల్ నొక్కుతారు, నేను చక్రం దగ్గర నట్టు వదులు చేసి చూస్తాను. వీధి వీధంతా చేరింది. ఎదురింటి పెద్దాయన అరుగెక్కి కూర్చుని, ఆడమనిషి బండి కింద, మొగోడు సీట్లో, మీ కాపురం శానా బాగుందని మెచ్చుకున్నాడు. ఒక్క గాలి బుడగా రాలేదు.

అప్పుడు మావారిని పుస్తకం తెరవమన్నాను. పెడల్ మొదటిసారి కిందికి పోయి రెండోసారి పైకి వస్తే ఏమిటని అందులో ఉందో లేదో చూడమన్నాను. ఉంది. షూలకూ, వాటి చుట్టూ చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైందని అర్థం. లోపల అడ్జస్టర్ అనే, మరలున్న చిన్న ఇనుప ముక్క ఉంటుంది, బ్రేకు నొక్కినప్పుడల్లా అదే కాస్త తిరిగి షూలను దగ్గరకు జరుపుతుంది, కాబట్టి బ్రేకు పలుమార్లు నొక్కండి. మావారు గంభీరంగా చదివారు. హమ్మయ్య అనుకుని, వాకిట్లో బండిని ముందుకీ వెనక్కీ జరుపుతూ యాభైసార్లు నొక్కాను. నొక్కేకొద్దీ ఇంకా కిందికి పోతున్నట్టు అనిపించింది. నా అనుమానం నాకు అలా చూపిస్తోందని సర్దిచెప్పుకున్నాను.

వదిన చేతిలో ఓళిగల, అంటే మా బొబ్బట్ల, పిండితో గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"నిజం చెప్పు సుగుణా. ఈ బండి కొండ దిగుతాదా, లేకుంటే నన్ను బస్సెక్కమంటావా?"

"దిగుతుంది వదినా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండు వేళ్ల ఎత్తు కూడా లేని పెడల్‌ను పెట్టుకుని, డెబ్బై రెండేళ్ల మనిషికి ఆ మాట చెప్పాను. మెకానిక్కు దగ్గరికి పోతే మూడేళ్ల నా గొప్ప అంతా ఆ వీధిలో, ఆ పెద్దాయన ముందు పోతుందని. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

ముద్దనూరు కొండ

శనివారం ఎనిమిదింటికి బయలుదేరాం. ముందు సీట్లో మావారు, వెనక వదిన, ఆమె ఒళ్లో ఓళిగల గిన్నె. ముద్దనూరు పోవాలంటే మధ్యలో కొండ ఎక్కి దిగాలి. ఎక్కడం ఏముంది, ఎక్కేటప్పుడు బ్రేకుతో పనిలేదు. ఎర్రటి రాళ్లు, ముళ్లకంపలు, అక్కడక్కడ గాలికి వంగిన గడ్డి. వదిన చిన్నప్పుడు తన తండ్రి ఈ దారిన నడిచిపోయి పల్లెల్లో పిల్లలకు అక్షరాలు నేర్పిన సంగతి చెబుతోంది. నేను ఊఁ కొడుతున్నాను గానీ ఒక్క మాటా చెవికెక్కడం లేదు.

పైకి చేరాం. ముందు దారి పల్లంగా మలుపు తిరిగింది. ఆ మలుపులో మేకల మంద.

నొక్కాను. పెడల్ నేలకు తగిలింది. మళ్లీ నొక్కాను, కొంచెం పట్టింది. మూడోసారి నొక్కుతూ, చేతి బ్రేకు పైదాకా గుంజి, గేరు మార్చి, బండిని దారి పక్క రాళ్ల మీదికి ఎక్కించాను. మేకలకు రెండు గజాల దూరంలో ఆగింది. దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాను. మొదటి రాయి జారిపోయింది. మావారు దిగి వచ్చి ఇంకో రాయి పెట్టారు.

"ఏమైంది సుగుణా?"

"బ్రేకు పోయింది. ఇప్పుడు కాదు, మైదుకూరు నించే తగ్గుతోంది. నాకు తెలుసు. తెలిసే మిమ్మల్నిద్దర్నీ ఎక్కించాను. నాకు భయంగా ఉందండీ, నేనిక దింపలేను."

వదిన కిటికీలోంచి తల బయటపెట్టింది. తిడుతుందనుకున్నాను. ఈ మాట నిన్న చెప్పింటే పోయేది కదా, అని మాత్రం అంది. ఆ తర్వాత ఓళిగల గిన్నె దించి, మేకలు కాసే పెద్దాయనకు రెండు ఇచ్చి, ముద్దనూరులో మెకానిక్కు ఎవరైనా ఎరుకేనా అని అడిగింది. ఆయన ఓళిగ నములుతూనే తన ఫోను తీశాడు.

ముప్పావుగంటకు మోటారు సైకిల్ మీద మస్తాన్ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, తెల్ల గడ్డం. నేను ఏం చేశానో చెప్పమని, మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు. నవ్వలేదు. జాకీ ఎత్తి వెనక చక్రం విప్పి, డ్రమ్ము లాగి, ఒక్కసారి చూసి, రెండో పక్కదీ విప్పాడు. రెండు అడ్జస్టర్లూ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది కుడి పక్కది మేడం, ఎడమ పక్క ఏసినారు. ఎడమది కుడి పక్క. వీటి మరలు ఒకదానికొకటి ఎదురు. తారుమారైతే నొక్కేకొద్దీ బిగుసుకోవు, వదులైతాయి. మీరు నిన్న యాభైసార్లు నొక్కింటిరి కదా, ఇంగ మిగిలేదేముంది? బుక్కులో రాయలేదా ఇది?"

మావారు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి మొదటినించి చదివారు. మస్తాన్ మొత్తం విన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా మావారి చూపు దాటిపోయిన చోట, బొమ్మ కింద గడి కట్టి చిన్న అక్షరాలతో అచ్చువేసిన నాలుగు వరుసల మీద వేలు పెట్టాడు.

"ఇది చదవలేదే సార్ మీరు?"

"అది నోటు," అన్నారు మావారు.

"ఏమున్నాదో చూడండి."

మావారు కళ్లద్దాలు సర్దుకుని లోపల చదువుకున్నారు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. తర్వాత పైకి చదివారు. ఒక చక్రం పని పూర్తయ్యేదాకా రెండోది విప్పరాదు. కుడి ఎడమ అడ్జస్టర్లను ఒకదాని బదులు ఒకటి వాడరాదు. వాడితే బ్రేకు క్రమంగా పనిచేయకుండా పోతుంది.

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మామగారు పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశి. కొడుక్కి వాక్యం చదవడం నేర్పినప్పుడు ఒక కట్టుబాటు పెట్టారట. పైనుండే శీర్షికలు, వచనాల అంకెలు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వివరాలు సభలో చదవకూడదు. అవి అచ్చువేసినవాళ్లు చేర్చినవి, వాక్యం కాదు. ఆరేళ్ల వయసునించి ఆయన నాలుక చిన్న అక్షరాలు కనపడగానే దాటుకుని పోతుంది. మూడేళ్లుగా ఈ పుస్తకంలో కూడా అలాగే దాటిపోతూ వచ్చారు. ఆయనకు ఆ సంగతి తెలియదు. కింద పడుకున్న నాకు అసలే తెలియదు.

ఆయన పుస్తకం మూసి కారు దగ్గరికి వెళ్లారు. వెనక తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"అక్కా, తప్పు నాది. నేను సగమే చదివినా. ఆమెది ఏం లేదు."

నా అరచేతిలో ఆ రెండు ఇనుప ముక్కలూ అలాగే ఉన్నాయి. తెనాలిలో ఆ రోజు బండి కింద ఏం జరిగిందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఫలానా వైపు తిప్పితే అడ్జస్టర్ పొట్టిదవుతుందని ఆయన చదివారు. తిప్పితే పొడుగైంది. "ఇదేంటి, తిరగబడి తిరుగుతోంది" అని గొణుక్కుని, రెండో వైపు తిప్పి బిగించేశాను. మరలు ఎన్ని రకాలో ఇరవై తొమ్మిదేళ్లు పిల్లలకు బొమ్మ వేసి మరీ చెప్పినదాన్ని. నా చేతికి తెలిసింది. పని తొందరలో ఉండి, పోనిద్దూ అనుకున్నది నేను.

మస్తాన్ గంటలో అంతా సరిచేసి, మీరు బిగించింది గట్టిగానే బిగించినారు, పక్కలే మారినాయి అన్నాడు. మూడు వందలు తీసుకున్నాడు. ముందు నేను ఒక్కదాన్నే కింది మలుపుదాకా దింపి చూస్తానన్నాను. మావారు ఒప్పుకోలేదు, చదివింది నేను కదా అని వచ్చి పక్కన కూర్చున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. పెడల్ నాలుగు వేళ్ల ఎత్తున గట్టిగా నిలిచింది. వదినను ఎక్కించుకుని కొండ దిగాం. నా నోరు మాత్రం తెరుచుకోలేదు.

పులివెందుల

దారికి రెండు పక్కలా చీనీ తోటలు. మేం బత్తాయి అంటాం, ఇక్కడ చీనీకాయ. లోడు కడుతున్న చోట ఆగితే నాలుగు కాయలు ఊరికే ఇచ్చారు. వదిన ఒలిచి చేతికిచ్చింది. తినకుండా ఒళ్లో పెట్టుకున్నాను.

మేం చేరేసరికి పన్నెండున్నర. షామియానా కింద నలభై యాభైమంది మా కోసమే కూర్చుని ఉన్నారు. ఆలస్యానికి కారణం వదిన చెప్పింది. ఆమె చెప్పడం మొదలుపెడితే చింతకాయ కూడా పండిపోవాల్సిందే. మేకలు, రాళ్లు, మస్తాన్ వేలు, మా ఆనందు నోటు చదవకపోవడం, అన్నీ వచ్చాయి. జనం పడిపడి నవ్వారు. సంఘపెద్ద చదువు కొండ మీద తేలిందని ఎవరో అన్నారు. మావారూ నవ్వారు. నేనూ పెదాలు కదిపాను.

పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి, కీర్తన చదవమని ఎప్పటిలాగే మావారి వైపు చూశారు. కాంతి బైబిలు తెచ్చి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు.

"ఈ పొద్దు నేను చదవను అయ్యగారూ. ఇంకెవరన్నా చదవండి."

మెల్లగానే అన్నారు. కోపం లేదు. మా పెళ్లయ్యాక ఆయన చదవనని అనడం నేనెప్పుడూ వినలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా లేచి చదివిన మనిషి. ఎప్పుడు లేచానో తెలియదు, లేచి నిలబడి ఉన్నాను.

"ఆయన తప్పు కాదండీ. ఆ మర తిరగబడి తిరుగుతోందని నాకు బిగించేటప్పుడే తెలిసింది. తెలిసి ఊరుకున్నాను. బ్రేకు తగ్గుతోందని మూడు రోజులుగా తెలుసు, అదీ చెప్పలేదు. కొండ మీద ఆయన నింద తన మీద వేసుకుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. నా వల్ల వీళ్లిద్దరూ..."

ఏడుపు వచ్చింది. యాభైమంది ముందు, కొత్తింటి శుభకార్యంలో. అయ్యగారికి ఏం చేయాలో తోచక బైబిలు రిబ్బను సర్దుకుంటున్నారు.

వదినే తేల్చింది. "సరే, చెప్పినావు కదా, ఇంగ కూర్చో సుగుణా. ఆనందూ, నువ్వు లెయ్. కూడు చల్లగైతాంది, చదువు."

మావారు లేచి కాంతి చేతిలోంచి బైబిలు తీసుకున్నారు. మొదటి వచనంలో గొంతు కాస్త తడబడింది, రెండో వచనానికి సర్దుకుంది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆయన చెంబుతో నీళ్లు పోస్తున్నారు. ఇతరులెవరూ లేరు.

"తిరగబడి తిరుగుతోందని నువ్వు బండి కింద అనిన మాట నాకు ఆ పొద్దే ఇనపడింది," అన్నారు.

వినపడితే కొండ మీద ఎందుకు అనలేదని అడిగాను.

"నువ్వు చెప్పుకోవాల్సింది నేను చెప్తే ఏం బాగుంటాది? చెప్తావనే చూస్తాంటి."

"చెప్పకపోయుంటే?"

ఆయన చెంబు దించి, తన కండువా కొస నా చేతికిచ్చారు.

ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం తిరుగు ప్రయాణమయ్యాం. వదిన కూతురి దగ్గరే ఉండిపోయింది. మళ్లీ అదే కొండ ఎక్కి, జమ్మలమడుగు వైపు దిగాం. దిగినంతసేపూ మావారు నా పక్కన తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, గురకపెట్టి నిద్రపోయారు. నేను మాత్రం ప్రతి మలుపుకు ముందూ ఒకసారి పెడల్ నొక్కి చూసుకుంటూ వచ్చాను.